విడాకుల మీడియేషన్: ఒప్పందం రెండో మోషన్ దాకా నిలవాలంటే

ప్రశ్న ఇది. 40 గంటల మీడియేషన్ (మధ్యవర్తిత్వం) శిక్షణ కొత్తగా పూర్తి చేసిన ఒక న్యాయవాదికి ఫ్యామిలీ కోర్టు నుంచి మొదటి రిఫరల్ వచ్చింది. భార్యాభర్తలు రెండేళ్లుగా విడిగా ఉంటున్నారు. ఆరేళ్ల పాప ఉంది. నాలుగు కేసులు నడుస్తున్నాయి. కలిసి ఉండటం కుదరదని ఇద్దరూ తేల్చి చెబుతున్నారు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి, కుదిరిన ఒప్పందాలు ఆ తర్వాత ఎందుకు చెడిపోతున్నాయి అని ఆయన అడిగారు.

చెడే చోటు ఎక్కడో తెలిస్తే మొదలుపెట్టే చోటు తెలుస్తుంది. మీడియేషన్ గదిలో చెడే ఒప్పందాలకంటే, సంతకాలయ్యాక మొదటి మోషన్‌కీ (ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడం) రెండో మోషన్‌కీ (గడువు తర్వాత మళ్లీ కోర్టుకు వచ్చి అదే మాట ఖాయం చేయడం) మధ్య చెడేవి ఎక్కువ బాధ పెడతాయి. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ (పరస్పర అంగీకార విడాకులు) కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేశాక మామూలుగా 6 నెలలు ఆగాలి, 18 నెలల లోపు రెండో మోషన్‌కు రావాలి. డిక్రీ (విడాకుల తుది తీర్పు) వచ్చేదాకా ఎవరైనా తమ అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో చెప్పింది. అందుకే భర్తకు ఒక భయం: డబ్బు ఇచ్చేశాక ఆమె కోర్టుకు రాకపోతే? భార్యకు ఇంకో భయం: కేసులు తీసేశాక ఆయన డబ్బు ఇవ్వకపోతే? ఈ రెండు భయాలకూ కాగితం మీద జవాబు ఉండాలి. ఒప్పందంలో ప్రతి పని ఎవరు ముందు చేస్తారు, ఏ తేదీన, ఏ కోర్టులో, చేయకపోతే ఏమవుతుంది అన్నది ఖాళీ లేకుండా రాయడమే మీ అసలు పని.

మొదటి సిటింగ్‌కు ముందే కేసుల పట్టిక తయారు చేయండి. విడాకుల ఓపీ (పిటిషన్), మనోవర్తి ఎంసీ (భరణం కేసు), గృహహింస డీవీసీ (గృహహింస చట్టం కింద కేసు), 498ఏ సీసీ (భర్త, అతని బంధువుల క్రూరత్వం మీద క్రిమినల్ కేసు). ఈ నాలుగూ అందరికీ గుర్తుంటాయి. పాప కస్టడీ కోసం గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద వేసిన ఓపీ, బదిలీ పిటిషన్, పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలం మీద మామగారు వేసిన సివిల్ దావా, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి మరిచిపోయిన ఫిర్యాదు, ఇవి గుర్తుండవు. ఈ-కోర్ట్స్ సైట్‌లో ఇద్దరి పేర్లూ వేర్వేరు స్పెల్లింగులతో, ఇంటిపేరు ముందూ వెనకా పెట్టి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వెతకండి. ప్రతి కేసుకూ నంబరు, కోర్టు, ఏ దశలో ఉంది, నిందితులు ఎవరెవరు అన్నది రాసుకోండి. రాజీ పత్రంలో చేరని ఒక్క కేసు రెండో మోషన్ రోజున బయటపడితే ఆరు నెలల శ్రమ ఆ గంటలో పోతుంది.

తర్వాత ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడండి. జాయింట్ సెషన్ ఆ తర్వాతే. ఈ క్రమం ఎప్పుడూ తప్పవద్దు, ఎందుకంటే కొట్టిన మనిషి ఎదుట కూర్చున్న ఆమె నిజం చెప్పదు. అడగాల్సినవి సూటిగా అడగండి: ఆయనతో ఒకే గదిలో కూర్చోవడానికి భయంగా ఉందా? ఇక్కడినుంచి ఇంటికి ఎలా వెళ్తారు? ఎవరైనా వెంబడించారా? మీ ఫోన్ ఇంకెవరైనా చూస్తారా? ఇప్పటికే ఏదైనా స్టాంపు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారా? ఆఖరి ప్రశ్న చాలామంది అడగరు. స్టేషన్ కౌన్సెలింగ్‌లోనో, పెద్దమనుషుల పంచాయితీలోనో రాయించిన పత్రం ఒకటి ఎవరి బీరువాలోనో ఉంటుంది. భయం ఉందని తెలిస్తే ఇద్దరూ వచ్చే సమయాల మధ్య 20 నిమిషాల తేడా పెట్టండి, ఆమెను ముందు పంపించండి, మొత్తం పని వేర్వేరు గదుల్లోనే నడపండి. బెదిరింపు కొనసాగుతుంటే మీడియేషన్ ఆపేయండి. కోర్టుకు పంపే నివేదికలో కుదరలేదు అన్న ఒక్క మాటే ఉండాలి. ఎవరు ఏమన్నారో, ఎవరివల్ల ఆగిందో రాయకూడదు. ఈ గోప్యత గురించి 2010లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆమెకు వకీలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపండి. స్త్రీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది, హెల్ప్‌లైన్ నంబరు 15100.

కలిసి ఉండే వీలుందా అని విడి సెషన్‌లో ఒకసారి మనస్ఫూర్తిగా అడగండి. కుదరదంటే రెండోసారి అడగవద్దు. పిల్ల ముఖం చూసి సర్దుకుపొమ్మని చెప్పడానికి ఇద్దరి ఇళ్లలోనూ కావలసినంత మంది ఉన్నారు. మీరూ అదే పాట అందుకుంటే ఆ క్షణం నుంచి ఇద్దరూ మిమ్మల్ని ఇంకో పెద్దమనిషిగానే చూస్తారు, లెక్కల్లో నిజం చెప్పరు.

ఇక గది బయట కూర్చున్న పెద్దల సంగతి. శిక్షణలో భార్యాభర్తలతోనే మాట్లాడమని చెబుతారు. మన దగ్గర అది సగమే నిజం. అమ్మాయి తరఫున ఖర్చు పెట్టినది తండ్రి, మేనమామ. అబ్బాయి తరఫున ఇవ్వాల్సిన డబ్బు పొలం అమ్మి తెచ్చేది అతని తండ్రి. వాళ్లను పూర్తిగా బయట ఉంచితే, గదిలో ఒప్పుకున్న అంకె ఇంటికి వెళ్లాక రాత్రికి రాత్రే మారుతుంది. మొదటి రెండు సిటింగ్‌లు దంపతులతోనే జరపండి. పాప విషయం తేలాక, బంగారం, డబ్బు దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కో వైపు నుంచి ఒక్కరిని, నిజంగా నిర్ణయం తీసుకోగల వారిని, లోపలికి పిలవండి. వదినలు, బావగార్లు, ఊరి సర్పంచ్ ఎవరూ వద్దు. వచ్చిన పెద్దాయన ముందు పెళ్లి ఎంత ఘనంగా చేశామో చెబుతారు. పదినిమిషాలు అడ్డు రాకుండా వినండి. కూతురి పెళ్లికి పెట్టిన డబ్బు కన్నా, ఆ పెళ్లి నిలవలేదన్న అవమానం ఆయన్ని ఎక్కువ కోస్తుంది. అది ఎవరైనా విన్నాక పెళ్లి ఖర్చుల పద్దు తరచూ చిన్నదవుతుంది.

విషయాల వరుస ఇలా ఉండాలని గట్టిగా చెబుతాను: ముందు పాప, తర్వాత బంగారం, తర్వాత డబ్బు, చివర కేసులు. డబ్బుతో మొదలుపెడితే పాప బేరంలో వస్తువు అవుతుంది. 'ఐదు లక్షలు తగ్గించుకో, పాపను నీ దగ్గరే ఉంచుకో' అన్న మాట ఒకసారి బల్ల మీదికి వస్తే దాన్ని వెనక్కి తీయలేరు.

పాప విషయంలో కస్టడీ ఎవరిది, చూడటానికి ఎవరు రావచ్చు అన్న రెండు వాక్యాలతో వదిలేసిన ఒప్పందం మూడు నెలల్లో మళ్లీ కోర్టుకు వస్తుంది. క్యాలెండర్ ముందు పెట్టుకుని రాయండి. ఏ వారం, ఏ రోజు, ఎన్ని గంటలకు తీసుకెళ్తారు, ఎన్ని గంటలకు తెస్తారు, ఎక్కడ అప్పగిస్తారు. పోలీస్ స్టేషన్ గేటు దగ్గర అప్పగించుకోవడం పిల్లకు మానని గాయం. స్కూలు గేటు, తాతగారి ఇల్లు, దగ్గరి పార్కు మేలు. రెండేళ్లుగా తండ్రిని సరిగా చూడని పాపను మొదటి వారమే రాత్రి బసకు పంపితే బెదిరిపోతుంది, అది చూసి తల్లి పంపడం మానేస్తుంది. మొదటి 6 నుంచి 8 వారాలు పగటిపూట మూడు నాలుగు గంటలు, ఆ తర్వాత ఒక రాత్రి, ఆ తర్వాత వారాంతం అన్నట్టు మెట్లు మెట్లుగా రాయండి. వీడియో కాల్‌కు సమయం పెట్టండి. సాయంత్రం 7 నుంచి 7.30 అని ఉంటే గొడవ ఉండదు, రోజూ మాట్లాడవచ్చు అని ఉంటే రోజూ గొడవే.

సెలవులు విడిగా రాయాలి. తెలంగాణలో బతుకమ్మ, దసరా సెలవులు పెద్దవి, ఆంధ్రలో సంక్రాంతి పెద్దది. తల్లి విజయవాడలో, తండ్రి హైదరాబాద్‌లో ఉంటే స్కూలు ఏ రాష్ట్రంలో ఉందో దాన్ని బట్టి లెక్క మారుతుంది. సరి సంవత్సరం సంక్రాంతి ఒకరికి, బేసి సంవత్సరం ఇంకొకరికి. వేసవి సగం సగం. పుట్టినరోజున ఇద్దరికీ రెండేసి గంటలు. ఆధార్, స్కూలు టీసీ, ఆరోగ్య కార్డు ఎవరి దగ్గర ఉంటాయి, మైనర్ పాస్‌పోర్టు ఫారం మీద సంతకానికి రెండో వారు ఎన్ని రోజుల్లో రావాలి, పాపను విదేశానికి తీసుకెళ్లాలంటే ఎన్ని రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, ఇవీ రాయండి. తండ్రి పాపను ఎప్పటికీ చూడడు, తల్లి పాప కోసం ఎప్పటికీ ఏమీ అడగదు అన్న షరతులు రాయవద్దు. పిల్ల పోషణ హక్కు పిల్లది. తల్లిదండ్రులు దాన్ని వదులుకున్నామని సంతకం పెట్టినా కోర్టు దానికి కట్టుబడదు. కస్టడీ ఏర్పాటునూ పిల్ల మేలు కోసం హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద కోర్టు తర్వాత మార్చవచ్చు. ఈ మాట ఇద్దరికీ ముందే చెప్పి ఉంచండి, తర్వాత మోసపోయామనుకోరు.

బంగారం దగ్గర గంటలు పోతాయి, సిద్ధపడండి. మొదటి గొడవ కొలతలోనే ఉంటుంది. తెలంగాణలో నగల దుకాణం లెక్కన తులం అంటే 10 గ్రాములు, పాత లెక్కన 11.66 గ్రాములు. కోస్తాలో కాసు అంటే 8 గ్రాములు. 40 తులాలు అన్న మాటలోనే 66 గ్రాముల తేడా దాగి ఉంది. పద్దులో తులం, కాసు అన్న మాటలే రాకూడదు. ప్రతి నగనూ పేరుతో, గ్రాములతో, రాళ్ల బరువు విడిగా, ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో పక్కన రాసి నాలుగు గడులు కట్టండి. వడ్డాణం, హారం, గాజులు, నల్లపూసలు. బిల్లులు లేకపోతే పెళ్లి ఫొటో ఆల్బమ్ తెప్పించి ఏ నగ ఒంటిమీద ఉందో చూడండి. బ్యాంకు లాకరు ఎవరి పేరుమీద ఉందో, చివరిసారి ఎవరు తెరిచారో లాకరు రిజిస్టరులో ఉంటుంది. కుదువ పెట్టి గోల్డ్ లోన్ తీసుకుని ఉంటే, అది ఎవరు విడిపిస్తారు, వడ్డీ ఎవరిది అన్నది రాయాలి.

పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, బంధువులు ఆమెకు పెట్టినది స్త్రీధనం. భర్త చేతిలో అది ఉన్నా అతను కాపలాదారుడే తప్ప యజమాని కాడని 1985లో ప్రతిభారాణి తీర్పు చెప్పింది. కట్నం తీసుకున్నది ఎవరైనా ఆమెకు అప్పగించాలని వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్ చెబుతుంది. ఇది అబ్బాయి వైపు వారికి మెల్లగా, విడి సెషన్‌లో చెప్పండి. అందరి ముందు చెబితే పరువు పోయిందనుకుని మొండికేస్తారు. మంగళసూత్రంలో ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి అత్తింటిది. కొన్ని కుటుంబాలు అత్తింటి పుస్తెను వెనక్కి అడుగుతాయి, కొందరు ఆడవాళ్లు తామే ఇచ్చేస్తామంటారు. ఆమె ఏమనుకుంటోందో ముందు అడిగి, ఆ మాటే ఉంచండి. నగల అప్పగింత కోర్టు హాల్లోనో, మీడియేషన్ సెంటర్‌లోనో, తూకం వేయించి, ఇద్దరి వకీళ్ల సమక్షంలో రసీదు రాసుకుని జరగాలి. ఇంట్లో జరిగిన అప్పగింతకు సాక్ష్యం మిగలదు. చీరలు, సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్, పెళ్లి ఆల్బమ్, పాప బొమ్మలు కూడా పద్దులో రాయండి. ఆమె డిగ్రీ సర్టిఫికెట్లు అతని ఇంట్లో ఉండిపోవడం, ఉద్యోగానికి వెళ్లలేకపోవడం ఎంత ఘోరమో ఆలోచించండి.

డబ్బు దగ్గర అంకెలు మోసే పోస్ట్‌మన్ కావద్దు. ఒకరు 50 లక్షలు అంటారు, ఇంకొకరు 5 అంటారు, మధ్యలో 27 అనడం మీడియేషన్ కాదు. 2020లో రజనేష్ వర్సెస్ నేహా తీర్పులో సుప్రీంకోర్టు ఆస్తులు, అప్పుల అఫిడవిట్ నమూనా ఇచ్చింది. మనోవర్తి కేసు లేకపోయినా ఆ నమూనానే ఇద్దరితోనూ నింపించండి. మూడేళ్ల ఐటీ రిటర్నులు, ఫారం 16, ఆరు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్, షేర్లు, కంపెనీ ఇచ్చిన స్టాక్, అప్పుల వివరాలు. కాగితాలు రాకముందు అంకె అడగవద్దు, చెబితే రాసుకోవద్దు.

లెక్క ఇలా కట్టండి. పాపకు ఆరేళ్లు, 18 నిండడానికి 12 ఏళ్లు. ఫీజు, తిండి, వైద్యం కలిపి పాప ఖర్చులో తండ్రి వాటా నెలకు 15,000 అనుకుందాం. ఏడాదికి 1,80,000. ఖర్చులు పెరిగే వేగమూ, డిపాజిట్ వడ్డీతో పెరిగే వేగమూ ఇంచుమించు సమానమనుకుంటే రెండూ ఒకదానితో ఒకటి కొట్టుకుపోతాయి. 12 ఏళ్లకు ఇప్పుడు 21,60,000 పక్కన పెడితే సరిపోతుంది. ఇది రఫ్ లెక్కే, కాని ఇద్దరూ కాగితం మీద చూడగలిగిన లెక్క. ఇంటర్, డిగ్రీ ఖర్చు విడిగా వేయండి, 18 నిండిన రోజున చదువు ఆగిపోదు. భార్య శాశ్వత భరణం ఇంకో వరుస. ఆమె ఉద్యోగం చేస్తోందా, మానేసిందా, మళ్లీ చేరడానికి ఎన్ని నెలలు పడుతుంది, అద్దె ఎంత. పాప డబ్బును, ఆమె డబ్బును ఒకే మొత్తంగా కలిపి రాయడం పెద్ద తప్పు. రేపు పాప చదువు కోసం అడిగితే 'అన్నీ కలిపే ఇచ్చేశాను' అంటారు. ఒకేసారి ఇచ్చే భరణాన్ని, నెలనెలా ఇచ్చేదాన్ని ఆదాయపు పన్ను వేరువేరుగా చూస్తుంది. సంతకానికి ముందు ఆడిటర్‌ను అడగమని ఇద్దరికీ చెప్పండి.

హైదరాబాద్ ఉద్యోగస్తుల కేసుల్లో జాయింట్ హోమ్ లోన్ ఫ్లాటు తప్పకుండా ఉంటుంది. ఫ్లాటు ఒకరికి, అప్పు కూడా వారిదే అని రాసి సరిపెడతారు. బ్యాంకు ఆ రాజీ పత్రంలో పార్టీ కాదు. ఈఎంఐ ఆగితే ఇద్దరి సిబిల్ స్కోరూ పడుతుంది, నోటీసు ఇద్దరికీ వస్తుంది. మొదటి మోషన్‌కు ముందే బ్యాంకుకు వెళ్లి రెండో పేరు తొలగించడానికి ఒప్పుకుంటారా, ఒంటరి జీతం మీద ఆ అప్పు నిలుస్తుందా అని అడిగి రావాలి. కుదరకపోతే అమ్మి పంచుకోవడమే దారి. అమ్మే గడువు, కనీస ధర, అప్పటిదాకా ఈఎంఐ ఎవరు కడతారో రాయాలి. స్థలమో ఇల్లో ఆమె పేరున రాయాలనుకుంటే డిక్రీకి ముందే సెటిల్‌మెంట్ దస్తావేజు రిజిస్టరు చేయించడం మేలు. కుటుంబ సభ్యుల మధ్య బదిలీకి ఉండే స్టాంపు డ్యూటీ రాయితీకి డిక్రీ తర్వాత అడ్డు రావచ్చు. ఇద్దరూ ఒకరినొకరు నమ్మక, మధ్యేమార్గంగా స్థలాన్ని పాప పేరున పెడదామంటారు. వినడానికి బాగుంటుంది. మైనర్ ఆస్తిని సంరక్షకురాలైన తల్లి అమ్మాలంటే 1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం కోర్టు అనుమతి కావాలి. పదేళ్ల తర్వాత కాలేజీ ఫీజు కోసం ఆ స్థలం అక్కరకు రాకపోతే ఏం లాభమో ముందే ఆలోచించమనండి.

ఇప్పుడు కేసులు. ఇక్కడే న్యాయవాదులు కూడా పొరపడతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో వచ్చిన రాష్ట్ర సవరణతో 498ఏ కోర్టు అనుమతితో రాజీ చేసుకోగల నేరమైంది, రాజీ అడిగాక కనీసం 3 నెలలు ఆగాలన్న నిబంధనతో. కాని చార్జిషీటులో 498ఏ ఒక్కటే ఉండదు, వరకట్న నిషేధ చట్టం 3, 4 సెక్షన్లు పక్కనే ఉంటాయి. అవి ఆ చట్టం 8వ సెక్షన్ ప్రకారం రాజీకి వీల్లేనివి. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు 498ఏ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వచ్చింది. అందువల్ల నిక్కమైన దారి హైకోర్టులో క్వాష్ (కేసు కొట్టివేత). రాజీ జరిగిన భార్యాభర్తల కేసుల్లో హైకోర్టు ఇలా కొట్టివేయవచ్చని 2003లోనే బి.ఎస్. జోషి తీర్పు వచ్చింది. ఏ హైకోర్టు అన్నది ఎఫ్ఐఆర్ ఎక్కడిదో దాన్ని బట్టి. విడాకుల ఓపీ రంగారెడ్డిలో ఉన్నా ఎఫ్ఐఆర్ గుంటూరుది అయితే క్వాష్ అమరావతికి వెళ్లాలి. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాలకూ వేర్వేరు హైకోర్టులు కదా, ఈ ప్రయాణం, ఖర్చు, తేదీలు ఒప్పందంలో రాసి ఉండాలి. ఏ1 (మొదటి నిందితుడు) నుంచి చివరి నిందితుడి దాకా అందరి పేర్లూ రాజీలో ఉండాలి. ఆడపడుచు పేరు ఒక్కటి మిగిలిపోతే కేసు ఆమె మీద నడుస్తూనే ఉంటుంది, కుటుంబం మొత్తం మళ్లీ రగులుతుంది.

డబ్బు వాయిదాలను ఈ మెట్లతో ముడిపెట్టండి. మొత్తం 30 లక్షలు అనుకుంటే మొదటి మోషన్ రోజున 8, రెండో మోషన్‌లో ఇద్దరి వాంగ్మూలాలు అయినప్పుడు 12, క్వాష్ ఉత్తర్వు వచ్చినప్పుడు 10. ప్రతి మెట్టులోనూ ఇచ్చేదీ పుచ్చుకునేదీ ఒకేరోజు, ఒకే హాల్లో జరగాలి. 'కేసులు వాపసు తీసుకున్నాక డబ్బు ఇస్తాను, డబ్బు వచ్చాక కేసులు వాపసు తీసుకుంటాను' అన్న గుండ్రటి వాక్యం ఒప్పందంలో ఎక్కడా ఉండకూడదు. నమ్మకం కోసం మొత్తం డబ్బుకు మొదటి రోజునే డీడీలు తీసి వకీలు దగ్గర ఉంచుతామంటారు. డీడీ చెల్లుబాటు 3 నెలలే, రెండో మోషన్ నాటికి అది చిత్తుకాగితం. మిగతా సొమ్ము కోర్టులో జమ చేయడమో, విత్‌డ్రా చేయలేని షరతుతో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడమో మంచిది. మూడో వాయిదా డబ్బు కూడా రెండో మోషన్ రోజునే జమ అయి, క్వాష్ ఉత్తర్వు నకలు చూపగానే ఆమెకు విడుదల కావాలి. అలా రాస్తే క్వాష్ అఫిడవిట్ మీద సంతకం పెట్టడానికి ఆమె వెనకాడదు.

ఎప్పుడూ మరిచిపోయే ఖాళీ ఒకటుంది: మధ్య నెలల మనోవర్తి. ఎంసీలో నెలకు పదివేలు వేశారు, పద్నాలుగు నెలల బకాయి ఉంది. 30 లక్షల్లో ఆ 1,40,000 కలిసిందా, విడిగానా? మొదటి మోషన్ నుంచి రెండో మోషన్ దాకా నెలనెలా ఇస్తారా, ఆపుతారా? రాయకపోతే ఆమె బకాయికి ఎగ్జిక్యూషన్ (వసూలు) పిటిషన్ వేస్తుంది, అతను అంగీకారం వెనక్కి తీసుకుంటాడు. ఇద్దరూ తమవైపు న్యాయం ఉందనే అనుకుంటారు.

ఆరు నెలల గడువును తగ్గించుకోవచ్చా అని అందరూ అడుగుతారు. 2017లో అమర్‌దీప్ సింగ్ తీర్పు వీలుంటుందని చెప్పింది. మొదటి మోషన్ నాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి, కలిపే ప్రయత్నాలు విఫలమై ఉండాలి, భరణం, కస్టడీ అన్నీ నిజంగా తేలి ఉండాలి. మొదటి మోషన్ అయిన వారం తర్వాత అర్జీ పెట్టుకోవచ్చు. మీ దంపతులు రెండేళ్లుగా విడిగా ఉన్నారు కాబట్టి అర్హత ఉంది, కాని విడిపోయిన తేదీ ఓపీలో ఒకటి, ఎంసీలో ఒకటి, 498ఏ ఫిర్యాదులో ఇంకొకటి ఉంటే జడ్జి ఆగిపోతారు. ఇప్పుడే మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి.

అమెరికాలో ఉన్న అబ్బాయో అమ్మాయో పార్టీ అయితే ఇంకొన్ని జాగ్రత్తలు. తిరుపతిలో పెళ్లి, అమెరికాలోని మిస్సోరిలో విడాకులు అన్న వై. నరసింహారావు కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీని అంగీకరించలేదు. అక్కడి కోర్టు కాగితం ఉందిగా అని ఇక్కడ 13బి వదిలేయడం తప్పు. స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ అక్కడ నోటరీ, అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా వేసే ప్రభుత్వ ధృవీకరణ) చేయించి పంపాలి. ఇక్కడికి వచ్చిన 3 నెలల లోపు స్టాంపు వేయించాలి. వాంగ్మూలం వీడియోలో ఇవ్వడానికి కోర్టు అనుమతి ముందే తీసుకోండి. లుకౌట్ సర్క్యులర్ (దేశం దాటకుండా ఆపే నోటీసు) ఉంటే, కేసు కొట్టేసినంత మాత్రాన అది తనంతట పోదు. తొలగించమని పోలీసులకు ఉత్తర్వు నకలుతో అర్జీ పెట్టే బాధ్యత ఎవరిదో రాయండి, లేదంటే శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినది హిందూ దంపతుల గురించి. క్రైస్తవులకు 1869 విడాకుల చట్టం 10ఏ సెక్షన్, ముస్లింలకు ముబారత్ (పరస్పర అంగీకార విడాకులు), మెహర్ (పెళ్లిలో భార్యకు ఇస్తానన్న సొమ్ము) లెక్క వేరు, రిఫరల్ చదవగానే ఏ చట్టమో చూడండి. పెద్దమనుషుల దగ్గర వంద రూపాయల స్టాంపు మీద రాసుకున్న విడాకుల పత్రంతో పని అయిపోయిందనుకునే వాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కులంలో అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువైతేనే దానికి విలువ. లేకపోతే ఆ కాగితం నమ్మి రెండో పెళ్లి చేసుకున్నవారు చట్టం దృష్టిలో ఇంకా మొదటి పెళ్లిలోనే ఉంటారు.

రాజీ పత్రం ఇంగ్లిషులో టైపు చేయించినా తెలుగు ప్రతి పక్కన ఉండాలి. సంతకాల రోజున ప్రతి షరతూ తెలుగులో పైకి చదవండి, ఒక్కో పేరా అయ్యాక ఆగి ఇద్దరినీ 'మీ మాటల్లో చెప్పండి, ఈ షరతు ప్రకారం మీరేం చేయాలి' అని అడగండి. సరిగా చెప్పలేకపోతే ఆ వాక్యం మార్చండి, మనిషిని తప్పుపట్టకండి. సిటింగ్‌ల మధ్య ఏడెనిమిది రోజులు ఉంచండి. ఒకేరోజు రాత్రి ఎనిమిదింటిదాకా కూర్చోబెట్టి అలసటలో తీసుకున్న సంతకం తెల్లారేసరికి నిలవదు. ప్రతి పేజీలో ఇద్దరి, ఇద్దరి వకీళ్ల సంతకాలు తీసుకోండి.

డిక్రీ వచ్చాక చేయాల్సిన చిన్న పనుల జాబితా కూడా ఆ పత్రానికే జతచేయండి. సర్టిఫైడ్ కాపీలు ఇద్దరికీ రెండేసి. బీమా పాలసీలో, పీఎఫ్‌లో, బ్యాంకు ఖాతాల్లో నామినీ మార్చడం. జాయింట్ ఖాతా మూసేయడం. రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డులో పేరు మార్చడం. భర్త పేరు మీద ఉన్న ఆమె సిమ్‌ను తన పేరుకు మార్చుకోవడం కూడా ఉండాలి, ఎందుకంటే ఆమె బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి, దాన్ని ఎప్పుడైనా ఆపే అధికారం ఇంకా అతనిదే.